మూలపడిన జావా, యెజ్డీలను మళ్లీ రోడ్డెక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెదనాన్నగారి యెజ్డీ మోటారుసైకిల్ తెనాలి దగ్గరి పల్లెలో వడ్ల బస్తాల వెనక పంతొమ్మిదేళ్లు పడి ఉంది. దాన్ని బయటికి లాగి నడిపించినప్పటి నుంచి, "మా తాతగారిది కూడా ఒకటుందండీ" అంటూ అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నేను మెకానిక్కును కాను. ఒక ఇంజను పాడుచేసి నేర్చుకున్నవాడిని.

కొట్టంలో బండి దొరికింది. ముందుగా ఏం చేయాలి?

ఏమీ చేయకండి. ముఖ్యంగా కిక్కు కొట్టకండి.

సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మేము సరిగ్గా ఆ పనే చేశాం. ట్యాంకులో లీటరు పెట్రోలు పోసి, బావలూ తమ్ముళ్లూ వంతులవారీగా కిక్కు కొట్టారు. ఇరవయ్యో కిక్కుకో ముప్పయ్యో కిక్కుకో లోపల 'టక్' మని శబ్దం వచ్చింది. అందరూ "అదుగో, కదిలింది" అని సంబరపడ్డారు. తర్వాత హెడ్డు (సిలిండరు పై మూత) విప్పి చూస్తే పిస్టన్ రింగు విరిగి, ముక్క పోర్టులో ఇరుక్కుని, సిలిండరు గోడ పొడవునా నాగలి చాలులా గాడి పడి ఉంది. ఈ బండ్లవి టూ స్ట్రోకు ఇంజన్లు, పిస్టన్ ఒక్కసారి పైకీ కిందికీ వెళ్లొస్తే ఒకసారి పెట్రోలు మండేవి. వీటిలో సిలిండరు గోడకు కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి, వాటినే పోర్టులంటారు. తుప్పుతో బిగుసుకున్న రింగును వాటి మీదుగా బలవంతంగా లాగితే విరగక ఏం చేస్తుంది?

కాబట్టి బండి ఉన్న చోటే, ఉన్న స్థితిలోనే ఫొటోలు తీయండి. తీగలు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో, ఏ నట్టు ఎక్కడుందో ఆ ఫొటోలే తర్వాత మీకు దారి చూపిస్తాయి. చుట్టుపక్కల నేల మీద రాలిన రబ్బరు ముక్కలు, మూతలు, బోల్టులు ఏరి డబ్బాలో వేసుకోండి. సీటు కిందా సైలెన్సరులోనూ చేయి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. మా బండిలో ఎలుకల గూడు, ఒక సైలెన్సరు నిండా కందిరీగల మట్టి గూళ్లు కనిపించాయి. ఎలుకలున్న చోట వాటికోసం వచ్చేది కూడా ఉండవచ్చని మా పాలేరు ముందే హెచ్చరించాడు.

నాది జావానా, యెజ్డీనా?

ట్యాంకు మీది పేరును పూర్తిగా నమ్మవద్దు, ట్యాంకులు మారుతుంటాయి. చెకోస్లోవేకియాలో ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో జర్మన్ కంపెనీ వాండరర్ మోటారుసైకిల్ హక్కులు కొని, రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు జావా. మన దేశంలో మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో ఆ బండ్ల తయారీ మొదలుపెట్టింది. 1970లలో అదే ఫ్యాక్టరీ యెజ్డీ పేరుతో బండ్లు తీసింది. కంపెనీ నడిపిన ఇరానీ కుటుంబం మూలాలు ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో ఉన్నాయి, పేరు అక్కడిదే. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

లోపల మాత్రం రెండూ అన్నదమ్ములే. ఒకే సిలిండరు, 65 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 75 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), దాదాపు 250 సీసీ, రెండు సైలెన్సర్లు. పాత జావాలకు 16 అంగుళాల చక్రాలు, యెజ్డీ రోడ్‌కింగ్ మోడల్‌కు 18 అంగుళాలవి. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో మళ్లీ వచ్చినవి ఫోర్ స్ట్రోకు బండ్లు. వాటి సామాను వీటికి పనికిరాదు, షోరూముకు వెళ్లి అడిగి నవ్వులపాలు కాకండి.

కాగితాలు తర్వాత చూసుకోవచ్చా?

వద్దు. నా మాట వినేవాళ్లు తక్కువ గానీ, స్పానరు పట్టుకునే ముందే కాగితాల సంగతి తేల్చుకోవాలి. లక్ష పోసి బాగుచేసిన బండి రిజిస్ట్రేషన్ లేకపోతే వరండాలో బొమ్మ. ముందు ఆర్‌సీ పుస్తకం వెతకండి. పాత ట్రంకు పెట్టెలు, దేవుడి గది బీరువా, పొలం దస్తావేజుల కట్ట, ఏదీ వదలకండి. మాకు అది రేషన్ కార్డు మడతలో దొరికింది.

ఆర్‌సీలోని ఇంజను, చాసిస్ నంబర్లను బండి మీది అంకెలతో పోల్చండి. మురికి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడవండి, ఉప్పుకాగితం మాత్రం పెట్టకండి. కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. అరిగిపోయాయని సొంతంగా మళ్లీ పంచ్ కొట్టించడం నేరం. అలా చేసిపెడతామనే షాపు నుంచి వెంటనే బయటికి రండి.

ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు ఇస్తారు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దానికి ఫారం 25. ఆర్‌సీ పోతే పోలీసు ఫిర్యాదుతో పాటు ఫారం 26. యజమాని చనిపోయి బండి వారసులకు వస్తే ఫారం 31, కొనుక్కుంటే ఫారం 29, 30. ఇరవై ఏళ్లు దాటిన మోటారుసైకిల్ పునరుద్ధరణ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం రూ.2,000 చేసింది. ఆలస్యానికి నెలకు రూ.300 అదనపు రుసుము నిబంధన 2022 ఏప్రిల్ నుంచి ఉంది. దానికి తోడు రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్. బండిని అధికారికి చూపించాలి కాబట్టి, అది నడిచే స్థితికి వచ్చాకే పని పూర్తవుతుంది. కానీ దారి తెరిచి ఉందో లేదో ముందే తెలుసుకోవడంలో నష్టమేముంది?

1989కి ముందు నంబర్లతో ఒక చిక్కుంది. మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే ఆ నంబర్ల వివరాలు చాలావరకు పాత రిజిస్టర్లలోనే ఉండిపోయాయి, కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. మీ బండి ఆన్‌లైన్‌లో కనిపించకపోతే కంగారుపడకండి. బండి మొదట రిజిస్టరైన కార్యాలయానికే వెళ్లి, ఆ పాత వివరాలు ఎక్కించమని లిఖితపూర్వకంగా అడగాలి. నేను నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి రిజిస్టరు బయటికి తీసిన గుమాస్తా వాళ్ల నాన్నకూ యెజ్డీ ఉండేదట, పని అరగంటలో అయింది.

15 ఏళ్లు దాటిన బండి నడపడం నేరమని అంటున్నారు?

ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతం గురించిన కోర్టు ఆదేశాలను విని ఇక్కడ భయపడుతున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, బీమా, కాలుష్య ధ్రువపత్రం ఉంటే నడుపుకోవచ్చు.

యాభై ఏళ్లు దాటితే వింటేజ్ కింద నమోదు చేయించుకోవాలా?

తప్పనిసరి కాదు. నన్నడిగితే చేయించుకోవద్దంటాను. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి వింటేజ్ గుర్తింపు ఇస్తారు. కొత్తగా నమోదుకు రూ.20,000, తిరిగి నమోదుకు రూ.5,000, గడువు పదేళ్లు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. అయితే ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ తప్ప మామూలుగా రోడ్ల మీద తిప్పకూడదు. ఆదివారం పొద్దున్నే టిఫిను కోసం పక్క ఊరు దాకా వెళ్లడానికి పనికిరాని గౌరవం నాకెందుకు?

ఇంజను పట్టేసింది. ఎలా వదిలించాలి?

ఓపికతో. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి సమపాళ్లలో కలిపిన డీజిలు, టూటీ ఆయిలు (టూ స్ట్రోకు ఇంజన్ల కోసం పెట్రోలులో కలిపే నూనె) ఒక టీ గ్లాసెడు పోయండి. సైలెన్సర్లు విప్పేసి ఉంటే ఎగ్జాస్టు వైపు నుంచి కూడా కొంచెం పోయవచ్చు. నాలుగు రోజులు అలాగే వదిలేయండి. దిగిపోతే మళ్లీ పోయండి. తర్వాత బండిని టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించండి. కిక్ రాడ్డు మీద నిలబడి ఎగిరితే లోపలి పళ్లు పోతాయి. ఆ ఖర్చు ఇంజను విప్పే ఖర్చుకు తోడవుతుంది.

వదిలిందని పొంగిపోయి స్టార్ట్ చేయవద్దు. హెడ్డు విప్పండి, ఎలాగూ నాలుగు నట్లే కదా. గోడ మీద తుప్పు మచ్చలు గోటికి తగలనంత పలచగా ఉంటే శుభ్రం చేసి కొత్త రింగులతో నడిపించవచ్చు. గోటికి తగిలితే బోరు చేయించి, అంటే సిలిండరు లోపలి గోడను కాస్త వెడల్పుగా చెక్కించి, ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. లేతు షాపుకు ముందు పిస్టన్ తీసుకువెళ్లాలి, దాన్ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేస్తారు. బోరు చేయించాక పిస్టన్ వెతకడం తలకు కొలత తీయకుండా టోపీ కుట్టించడం లాంటిది.

క్రాంకు దాకా విప్పాలా? బండి మామూలుగానే స్టార్ట్ అవుతోంది.

చాలామంది పొరబడేది ఇక్కడే, అందుకే కొంచెం విడమరచి చెప్తాను. పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు క్రాంకు, అది తిరిగే గది క్రాంక్‌కేసు. ఫోర్ స్ట్రోకు ఇంజనులో అది నూనె ఉండే గది. టూ స్ట్రోకులో అది ఊపిరితిత్తి. పిస్టన్ పైకి వెళ్తుంటే కార్బురేటర్ నుంచి పెట్రోలు, గాలి క్రాంక్‌కేసులోకి పీల్చుకుంటుంది, కిందికి వస్తుంటే వాటిని పైకి నెడుతుంది. ఆ గదికి రెండు వైపులా రబ్బరు సీళ్లుంటాయి. పదేళ్లు ఎండిన సీలు మర్రి ఊడలా గట్టిపడుతుంది, దాని పెదవి లాంటి అంచు క్రాంకు షాఫ్టును అంటుకోదు.

ఎడమవైపు, అంటే క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేరు ఆయిలును పీల్చుకుని కాల్చేస్తుంది. సైలెన్సర్ల నుంచి దట్టమైన తెల్లటి పొగ వస్తుంది, ప్లగ్గు నల్లగా తడిసిపోతుంది, గేరుబాక్సులో ఆయిలు తగ్గిపోతుంది. ఇది ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. కుడివైపు డైనమో సీలు పోతే అసలు ప్రమాదం. అటు నుంచి ఉత్త గాలి లోపలికి వస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. ఇంజను వేడెక్కుతుంది, రేసు వదిలినా వేగం తగ్గదు, చివరికి దారి మధ్యలో పిస్టన్ పట్టేస్తుంది. పొగ రావడం లేదు కదా అని మురిసిపోయే బండి ఇలాంటిదే కావచ్చు.

ఏళ్ల తరబడి మూలపడిన బండికి సీళ్లు, క్రాంకు బేరింగులు మార్చకుండా ఊరు దాటవద్దు. డైనమో వైపు సీలును ఇంజను విప్పకుండా మార్చే మెకానిక్కులున్నారు. కానీ బేరింగులు కూడా చూడాలంటే విప్పక తప్పదు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి, ఏమాత్రం ఆట (వదులు) ఉన్నా రాడ్డు కిట్టు కూడా అప్పుడే వేయించండి.

తాళం తీసేసినా ఇంజను ఆగకుండా అరుస్తోంది. ఏం చేయాలి?

చాలాసార్లు పైన చెప్పిన గాలి లీకు వల్లనే ఇలా జరుగుతుంది. చోక్ పూర్తిగా వేయండి. ఆగకపోతే టాప్ గేరులో వేసి, బ్రేకులు గట్టిగా నొక్కి క్లచ్ వదలండి. ముందే అనుకుని ఉండండి, ఆ అరుపు వింటూ ఆలోచించడం కష్టం.

ట్యాంకులో తుప్పు పట్టింది.

వార్నిషు వాసన వేసే పాత పెట్రోలును పూర్తిగా తీసేయండి, కాలవలో మాత్రం పోయకండి. గుప్పెడు చిన్న నట్లు లెక్కపెట్టి లోపల వేసి ఆడించండి. తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. తర్వాత షాపుల్లో దొరికే ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రవమో, తెల్ల వెనిగరో నింపి రాత్రంతా ఉంచాలి. ఉదయం పారబోసి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెంటనే లోపలంతా టూటీ ఆయిలు పూత పట్టించాలి. ఆరిన ఇనుము గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఆమ్లం చుక్క పడితే ట్యాంకు పక్కల క్రోమూ, ముదురు ఎరుపు రంగూ, బంగారు గీతలూ పాడవుతాయి. మూతి చుట్టూ మైనం రాయండి.

చింతపండు గుజ్జు పనిచేస్తుందా అని మా అత్తయ్య అడిగింది. ఇత్తడి బిందెకు చేసినట్టే తుప్పుకూ కొంత పనిచేస్తుంది. కానీ పిప్పి ట్యాంకు మూలల్లో చిక్కుకుంటే కార్బురేటర్‌కు పులుసు పెట్టినట్టే.

కన్నం పడితే మాత్రం ఇంట్లో వెల్డింగు జోలికి వెళ్లకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం.

కరెంటు రావడం లేదు.

చాలా పాత మోడళ్లు 6 వోల్టులవి. 12 వోల్టుల బ్యాటరీ పెట్టేసి బల్బులు మాడాయని వచ్చినవాళ్లున్నారు. మంచి బ్యాటరీ పెట్టాక కూడా ప్లగ్గు దగ్గర నీలి నిప్పు రాకపోతే కుడివైపు మూత విప్పి పాయింట్లు (సమయానికి కరెంటు తెంచి ప్లగ్గులో నిప్పు పుట్టించే చిన్న స్విచ్చు) చూడండి. నల్లబడితే సన్నటి ఆకురాయితో తుడిచి, తెరుచుకున్నప్పుడు 0.4 మిల్లీమీటరు ఖాళీ ఉండేలా పెట్టండి. పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సరును పరీక్షించే శ్రమ పడకండి, కొత్తది వేసేయండి. ఎలుకలు కొరికిన తీగలకు టేపు చుట్టవద్దు, వైరింగు మొత్తం కొత్తది వేయించండి. ఈ ఒక్క విషయంలో పాతదనం మీద నాకు గౌరవం లేదు.

పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలి?

లీటరుకు 40 మిల్లీలీటర్లు. బోరు కొత్తగా చేయించినట్టయితే మొదటి ఐదు వందల కిలోమీటర్లు 50 పోయండి. పొగ వస్తే రానివ్వండి. ముందు డబ్బాలో కలిపి తర్వాత ట్యాంకులో పోయాలి. ఇప్పుడు బంకుల్లో ఇచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు పైపులనూ వాషర్లనూ తినేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. పైపులు కొత్తవి వేయండి, రెండు వారాలకు మించి బండి తీయకపోతే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి.

కిక్ రాడ్డు ఎక్కడుందో కనిపించడం లేదు!

గేరు రాడ్డే కిక్ రాడ్డు. ఇంజను వైపు లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు అవుతుంది. స్టార్ట్ అయ్యాక మళ్లీ ముందుకు తిప్పాలి. ఈ తమాషా చూపించడానికే చాలామంది ఈ బండి ఉంచుకుంటారని నా అనుమానం.

టైర్లు చూడటానికి బాగానే ఉన్నాయి, ఉంచవచ్చా?

ఉంచవద్దు. ట్యూబులు కూడా. బ్రేకు డ్రమ్ములు విప్పితే లైనర్లు షూల నుంచి ఊడి చేతికి వస్తాయి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ఆ పొడిని గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. క్లచ్ కార్కు ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. క్లచ్ నొక్కిపట్టి, టాప్ గేరులో బండిని ముందుకూ వెనక్కూ కుదిపితే చాలాసార్లు విడిపోతాయి.

రంగు వేయించాలా?

ముందు ఒక సంవత్సరం నడపండి, అప్పుడు అడగండి. గోకి కొత్త రంగు వేయించడం ఎప్పుడైనా చేయవచ్చు, పోయిన పాత రంగును తెప్పించలేం. పెదనాన్న మోకాళ్లు ఆని ఆని ట్యాంకు మీద రంగు పలచబడిన చోట్లు రెండున్నాయి. పెయింటరు వాటిని చూసి "ఇవి కూడా కవరు చేసేద్దాం సార్" అన్నాడు. బండిని ఇంటికి తెచ్చేసుకున్నాను. మడ్‌గార్డుల లోపలి తుప్పును మాత్రం ఆపాలి, అక్కడ ఎవరికీ కనిపించని నల్ల పెయింటు చాలు.

స్పేర్లు, మెకానిక్కు ఎక్కడ దొరుకుతారు?

విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని, క్రాంకు పని చేసే చేతులున్నాయి. హైదరాబాద్‌లో రాణిగంజ్ చుట్టుపక్కల అడుగుతూ వెళ్తే పాత స్టాకు ఉన్న కొట్లు తగులుతాయి. మైసూరు, బెంగళూరులలో ఈ బండ్లకు ఇప్పటికీ ప్రత్యేకమైన మెకానిక్కులున్నారు. జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ యజమానులు ఊరూరా కలుసుకుంటారు. స్పేర్ల చిరునామాలన్నీ నాకు అక్కడే దొరికాయి. కొత్తగా తయారైన నకలు పిస్టన్లు, రబ్బర్లు కూడా అమ్ముతారు. రబ్బర్లు పరవాలేదు, పిస్టన్ విషయంలో బరువూ కొలతా చూసి కొనండి. మెకానిక్కు అరవై దాటినవాడైతే మరీ మంచిది, పని ఆలస్యమైనా భరించండి.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

ఇంట్లో చెప్పిన దానికంటే ఎక్కువ. డబ్బును ఇంజను, బ్రేకులు, టైర్లు, వైరింగు, కాగితాల రుసుములు, ఈ వరుసలో పెట్టండి. క్రోమ్ ప్లేటింగును చివరికి నెట్టండి. చాలా బండ్లు ఇంజనులో కాదు, తళతళలాడే సైలెన్సర్ల దగ్గరే ఆగిపోతాయి.

మొదటిసారి ఎంత దూరం వెళ్లవచ్చు?

తిరిగి నెట్టుకుంటూ రాగలిగినంత దూరం. పది నిమిషాలు నడపండి, ఆపండి, చల్లారనివ్వండి. నట్లన్నీ మళ్లీ బిగించండి, ప్లగ్గు విప్పి రంగు చూడండి. ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు, తెల్లగా ఉంటే గాలి ఎక్కడి నుంచో వస్తున్నట్టు, మళ్లీ సీళ్ల దగ్గరికి వెళ్లాలి. జేబులో ఒక కొత్త ప్లగ్గు, ప్లగ్గు పానా, గుడ్డ పెట్టుకోండి. మేము మొదటిరోజు చెరువు కట్ట దాకా వెళ్లి వచ్చాం. వెళ్లేటప్పుడు నేను నడిపాను. వచ్చేటప్పుడు పెదనాన్న తాళం అడిగి తీసుకున్నారు, నన్ను వెనక కూర్చోబెట్టుకుని గేరు గేరుకూ "ఇలా వేయాలిరా" అంటూ ఇల్లు చేరేదాకా చెప్తూనే ఉన్నారు.